ర్యాంకు జారింది, హోదా పెరిగింది: హెచ్‌సీయూ విజయాల వార్తలను తల్లిదండ్రులు ఎలా చదవాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత మేరకు ముందు ఒకసారి చెప్పుకుంటాను. సీయూఈటీ, అంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష, మార్కులతో మీ అమ్మాయికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, అంటే మనందరం హెచ్‌సీయూ అని పిలుచుకునే చోట, ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో సీటు వచ్చేలా ఉంది. ఒక పక్క ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా, స్వర్ణోత్సవాలు, ప్రపంచ శ్రేష్ఠ శాస్త్రవేత్తల జాబితాలో ఆచార్యుల పేర్లు, పేటెంట్లు అంటూ వార్తలు కనిపిస్తున్నాయి. మరో పక్క జాతీయ ర్యాంకుల్లో 2019లో 4వ స్థానంలో ఉన్న సంస్థ 2024 నాటికి 17వ స్థానానికి జారిందని చదివారు. వీటిలో దేన్ని నమ్మాలి, అమ్మాయిని చేర్చవచ్చా, క్యాంపస్ భూమి గొడవ చదువు మీద పడుతుందా అని అడిగారు.

చేర్చవచ్చు. రెండు రకాల వార్తలూ నిజమే గాని, వాటిలో ఏ ఒక్కటీ మీ నిర్ణయానికి ఆధారంగా సరిపోదు. హోదా విశ్వవిద్యాలయం మొత్తానికి వచ్చింది, ర్యాంకు ఆ మొత్తాన్ని ఇతర సంస్థల పక్కన నిలబెట్టి ఇచ్చింది. మీ అమ్మాయి ఐదేళ్లూ గడిచేది మాత్రం ఒక విభాగంలో, ఒకటి రెండు ప్రయోగశాలల్లో, చేతివేళ్ల మీద లెక్కపెట్టగల అధ్యాపకుల దగ్గర. ఆ విభాగం సంగతి తెలుసుకోవడానికి విశ్వవిద్యాలయం తానే ప్రచురించే రెండు పత్రాలు ఉన్నాయి. ఒక సాయంత్రం కూర్చుని వాటిని చదివితే పత్రికల్లో ఆరు నెలలు చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. ఆ పత్రాల గురించి కింద వివరంగా రాస్తాను.

నేను వేరొక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించాను. పదవీ విరమణకు ముందు ఎనిమిదేళ్లు అక్కడి ఐక్యూఏసీలో, అంటే అంతర్గత నాణ్యతా విభాగంలో, పనిచేశాను. ర్యాంకులకూ, విద్యాసంస్థల నాణ్యతను తనిఖీ చేసి గ్రేడు ఇచ్చే నాక్ గుర్తింపుకూ పంపవలసిన అంకెలను విభాగాల వెంటబడి పోగుచేయడమే ఆ ఉద్యోగం. హెచ్‌సీయూకు సెమినార్లకూ మౌఖిక పరీక్షలకూ చాలాసార్లు వెళ్లాను గాని ఏనాడూ అక్కడి జీతం తీసుకోలేదు, కాబట్టి ఆ సంస్థను మోయవలసిన అవసరం గాని తీసిపారేయవలసిన అవసరం గాని నాకు లేదు.

మొదట ర్యాంకు సంగతి. కేంద్ర ప్రభుత్వం 2015లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే ర్యాంకుల పద్ధతిని ప్రకటించి 2016లో మొదటి జాబితా ఇచ్చింది. విశ్వవిద్యాలయాల విభాగంలో హెచ్‌సీయూ స్థానం 2019లో 4, 2020లో 6, 2021లో 9, 2022లోనూ 2023లోనూ 10, 2024లో 17. ఈ వరసను చూసిన వారెవరికైనా సంస్థ ఏటా కొంత కుంగుతోందనే అనిపిస్తుంది. అయితే ర్యాంకు అనేది వరసలో మన స్థానాన్ని మాత్రమే చెబుతుంది. మనం నిలబడిన చోటే నిలబడినా, వెనకున్నవారు ముందుకు నడిస్తే మన అంకె పెరుగుతుంది. ఈ అయిదేళ్లలో మణిపాల్, అమృత, వీఐటీ వంటి ప్రైవేటు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు పరిశోధన పత్రాల సంఖ్యను బాగా పెంచుకున్నాయి. ఇదంతా ప్రైవేటు డబ్బు మహిమ అని కొట్టిపారేయడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే కేంద్రీయ విశ్వవిద్యాలయమే అయిన జామియా మిలియా 2023లో మూడో స్థానంలో నిలిచింది, ఢిల్లీ విశ్వవిద్యాలయం 2023లో 11 నుంచి 2024లో 6కు ఎగబాకింది.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ నూరు మార్కులను అయిదు భాగాలుగా పంచుతుంది: బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అందరికీ అందుబాటుకు 10, పేరుప్రతిష్ఠలకు 10. పరిశోధన భాగంలో పత్రాల సంఖ్యనూ, ఇతర పరిశోధకులు వాటిని ఉదహరించిన ఉల్లేఖనల సంఖ్యనూ అధ్యాపకుల సంఖ్యతో భాగిస్తారు. ఇక్కడ బయటివారికి తెలియని మెలిక ఒకటి ఉంది. పదిహేను మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు చొప్పున ఎంతమంది ఉండాలో ఆ లెక్కనూ, నిజంగా ఉన్నవారి లెక్కనూ పక్కపక్కన పెట్టి, రెంటిలో పెద్దదానితో భాగిస్తారు. అంటే ఖాళీలు భర్తీ చేయని సంస్థకు హారం తగ్గదు, పత్రాలు మాత్రం తగ్గుతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలను ఏళ్ల తరబడి బాధిస్తున్న రోగం ఖాళీ పోస్టులే. పైగా ఆసుపత్రితో కూడిన వైద్య కళాశాల ఉన్న సంస్థలకు పత్రాలు కుప్పలుగా వచ్చిపడతాయి. ఆ సౌకర్యం హెచ్‌సీయూకు లేదు. ఈ జారుడులో ఖాళీల పాలు ఎంత, పక్కవారి పరుగు పాలు ఎంత అని నన్నడిగితే రెండోదే ఎక్కువని నా అంచనా. అంచనా అని ఎందుకంటున్నానంటే మార్కుల కూర్పును నేను మా సంస్థకు మాత్రమే విడదీసి చూశాను, అక్కడ జరిగింది అదే.

ఇక ఎమినెన్స్ హోదా. 2017లో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, నిబంధనలు తెచ్చి, పది ప్రభుత్వ సంస్థలను, పది ప్రైవేటు సంస్థలను ఎంపిక చేసి, అవి పదేళ్లలో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లోకి, ఆ తర్వాత మొదటి 100లోకి చేరాలని లక్ష్యం పెట్టారు. 2019 సెప్టెంబరులో ఈ హోదా పొందిన ప్రభుత్వ సంస్థల్లో బెనారస్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలతో పాటు హెచ్‌సీయూ కూడా ఉంది. తెలుగు నేల మీద ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఇది చిన్న గౌరవం కాదు. అయితే పత్రికలు రాసినట్టు వెయ్యి కోట్లు వచ్చాయని అనుకోకండి. ప్రభుత్వ సంస్థకు అయిదేళ్లలో వెయ్యి కోట్ల వరకు ఇవ్వవచ్చన్నది నిబంధన. అది గరిష్ఠ పరిమితి, ఖర్చు చూపించిన కొద్దీ విడతలుగా విడుదలయ్యే డబ్బు. ఆ డబ్బు ఎక్కువగా పరికరాలకూ పరిశోధన ప్రాజెక్టులకూ కొత్త ప్రయోగశాలలకూ పోతుంది. ఎమ్మెస్సీ విద్యార్థికి దాని ఫలం అందాలంటే ఆ పరికరం గది తలుపు ఆమెకు తెరవాలి. అందుకే విభాగానికి వెళ్లినప్పుడు ఏ యంత్రం కొన్నారని అడగకండి. ఇంటిగ్రేటెడ్ విద్యార్థులు ఎన్నో సెమిస్టరు నుంచి దాన్ని తామే నడుపుతారని అడగండి. ఈ ప్రశ్నకు ల్యాబు అసిస్టెంటు ఇచ్చే జవాబు విభాగాధిపతి ఇచ్చే జవాబుకన్నా నమ్మదగినదని నా అనుభవం.

నాక్ గ్రేడు గురించి మీరు అడగలేదు గాని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. నాలుగు పాయింట్ల కొలమానంలో 3.51 దాటితే ఏ ప్లస్ ప్లస్. ఇది ర్యాంకు లాంటిది కాదు, ఎవరితోనూ పోల్చరు. ఒక గీత దాటారా లేదా అన్నదే లెక్క. 2025 ఫిబ్రవరిలో ఒక సంస్థ తనిఖీకి వెళ్లిన నాక్ బృంద సభ్యులను లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసిన తర్వాత ఆ గ్రేడుల మీద జనానికి అనుమానం పెరిగింది. మంచి గ్రేడు ఉంటే సంతోషించండి, అంతకుమించి దాని మీద భారం వేయకండి.

ఇప్పుడు మీరు పంపిన వార్తల్లో రెండింటిని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ప్రపంచంలోని అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా. దీన్ని స్టాన్‌ఫర్డ్ జాబితా అని రాస్తుంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు ఉల్లేఖనల సమాచారాన్ని బట్టి తయారుచేసే జాబితా అది. స్టాన్‌ఫర్డ్ ఇచ్చే బహుమతి ఏమీ కాదు. అందులో రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి జీవితకాలపు కృషికి, రెండోది ఒక్క ఏడాది ఉల్లేఖనలకు. ఒక్క ఏడాది పట్టికలో పేరు ఉండడం గౌరవమే గాని, జీవితకాలపు పట్టికలో ఉండడం వేరు సంగతి. పత్రికా ప్రకటనల్లో ఈ తేడా సాధారణంగా మాయమవుతుంది. ఒకసారి ఒక తండ్రి పత్రిక కత్తిరింపు జేబులో పెట్టుకుని నా గదికి వచ్చి, ఈ ఆచార్యుల దగ్గరే మా అబ్బాయిని చదివించాలని పట్టుబట్టాడు. ఆ ఆచార్యులు అప్పటికే పదవీ విరమణ చేసి, గౌరవ హోదాలో నెలకోసారి వచ్చి పరిశోధక విద్యార్థులను మాత్రమే చూస్తున్నారు. ఆ మాట చెప్పేసరికి ఆయన కత్తిరింపును మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పేటెంట్లు. ఏ ప్రకటనలోనైనా ‘పబ్లిష్ అయిన పేటెంట్లు’ అనే మాట కనబడితే అక్కడ ఆగండి. మన దేశంలో పేటెంటు కోసం దరఖాస్తు చేస్తే పద్దెనిమిది నెలల తర్వాత అది తనంతట తానే అధికారిక పత్రికలో ప్రచురితమవుతుంది, అదనపు రుసుము కట్టి అడిగితే ఇంకా ముందే అవుతుంది. ఆ ప్రచురణకు అర్థం ఒక్కటే: దరఖాస్తు ఫలానా రోజున అందింది. పరీక్షకుడు దాన్ని చదవడం, అభ్యంతరాలు రాయడం, జవాబులు ఇవ్వడం, చివరికి మంజూరు కావడం, ఇదంతా ఆ తర్వాతి కథ, అందులో చాలా దరఖాస్తులు దారిలోనే ఆగిపోతాయి. మా సంస్థలో ఒక ఏడాది ఒక విభాగం పంపిన పట్టికలో పన్నెండు పేటెంట్లు ఉన్నాయి. పోర్టల్ గడువుకు ముందురోజు రాత్రి తొమ్మిదింటికి మా గుమాస్తా, నేనూ ఒక్కొక్క దరఖాస్తు నంబరు పెట్టి వెతుక్కుంటూ పోతే మంజూరైంది ఒక్కటి తేలింది, తొమ్మిది ప్రచురణ దశలో ఉన్నాయి, రెండు అసలు పేటెంట్లే కావు, డిజైను రిజిస్ట్రేషన్లు. ఎవరూ మోసం చేయాలనుకోలేదు; ఫారంలో ‘పేటెంట్ల సంఖ్య’ అని ఒక్క గడి ఉంది, ఉన్నదంతా ఆ గడిలో వేశారు. 2021 నుంచి విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం తగ్గింపు ఇవ్వడంతో దరఖాస్తులు ఎక్కడ చూసినా పెరిగాయి. ఆ పెరుగుదలలో ఎంత పరిశోధన ఉందో, ఎంత తగ్గింపు ఉందో సంస్థల వారీగా చూడవలసిందే.

ఇంత నసపెట్టి చెప్పాను గదా అని ఆ విశ్వవిద్యాలయంలో పస లేదనుకుంటే పొరబాటు. ర్యాంకుల గడుల్లో సరిగా ఇమడని పని అక్కడ చాలా జరిగింది. స్ఫటికాలను ముందుగా ఊహించి రూపొందించే క్రిస్టల్ ఇంజినీరింగ్ శాస్త్రానికి ఆచార్య గౌతమ్ దేశిరాజు అక్కడి రసాయనశాస్త్ర శాలలో, అంటే స్కూల్‌లో, ఉండగానే ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చారు. మందు బిళ్లలో ఔషధం ఎంత త్వరగా కరుగుతుందన్నది స్ఫటికపు అమరికను బట్టి కూడా ఉంటుంది గనుక ఔషధ పరిశ్రమకు ఇది రోజువారీ అవసరం. మీ అమ్మాయి రసాయనశాస్త్రం వైపు వెళితే ఆ సంప్రదాయపు నీడలోనే చదువుతుంది. భాషాశాస్త్రం వైపు చూస్తే, అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం భారతీయ భాషల మధ్య యంత్రానువాదం మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఇవాళ ఫోనులో తెలుగు మాటను యంత్రం విడదీసి అర్థం చేసుకుంటున్నదంటే, తెలుగు క్రియాపదం ఒక్కదానికి ఎన్ని ప్రత్యయాలు ఎన్ని విధాలుగా అతుకుతాయో ఓపికగా లెక్క కట్టిన ఇలాంటి కేంద్రాల పని దాని వెనక ఉంది. మొదటిసారి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు రాష్ట్రపతి చేతుల మీదుగా విజిటర్స్ అవార్డులు ఇచ్చిన 2015లో ఉత్తమ విశ్వవిద్యాలయంగా ఎంపికైనది హెచ్‌సీయూనే. అనంతపురంలో 2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ, 2023 చివర్లో పార్లమెంటు చట్టంతో ములుగులో ఏర్పడిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికీ మార్గదర్శక బాధ్యత దానికే అప్పగించారు. నా దృష్టిలో ఇటీవలి విజయాలన్నింటిలో ఇది పెద్దది, ఎందుకంటే సిలబసు రాయడం, నియామకాలు చూడడం, తొలి విద్యార్థులను నిలబెట్టడం వంటి పనులను ఒక సంస్థ చేతిలో పెట్టారంటే దాని పాలన మీద నమ్మకం ఉన్నట్టు. ఏ ర్యాంకులోనూ దీనికి అర మార్కు రాదు.

ఇప్పుడు ఆ రెండు పత్రాలు.

మొదటిది ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు సంస్థ సమర్పించిన సమాచార పత్రం. దీన్ని ప్రతి సంస్థా తన వెబ్‌సైటులో బహిరంగంగా పెట్టాలి. పీడీఎఫ్ తెరిస్తే మొదట మంజూరైన సీట్లు, తర్వాత నిజంగా చదువుతున్నవారు, వారిలో రాష్ట్రంలోపలివారు ఎందరు, బయటివారు ఎందరు అన్న పట్టికలు వస్తాయి. ఆ కింద ఉన్న పట్టిక దగ్గర కూర్చోండి. అందులో ఒక్కొక్క బ్యాచికి ఎందరు చేరారు, ఎందరు నిర్ణీత కాలంలో పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యగత జీతం ఎంత, ఎందరు పై చదువులకు వెళ్లారు అని వరసగా ఉంటుంది. చేరినవారికీ పూర్తిచేసినవారికీ మధ్య అంతరం పెద్దదైతే కారణం అడగాలి. పత్రికల్లో వచ్చే ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్క విద్యార్థిది. మధ్యగత జీతం వరసలో సరిగ్గా నడుమ నిలబడినవారిది, మన పిల్లలు ఎక్కువమంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ విషయంలో ఉద్యోగాల అంకె తక్కువగా కనిపిస్తే కంగారు పడకండి, పై చదువుల గడి చూడండి. శాస్త్ర విభాగాల్లో మంచి విద్యార్థులు పీహెచ్‌డీ వైపే నడుస్తారు. ఇంకా కిందికి వెళితే ఏ ఏడాది ఎందరు పీహెచ్‌డీ పూర్తిచేశారు, ప్రాయోజిత ప్రాజెక్టులు ఎన్ని, వాటికి ఎంత డబ్బు వచ్చింది అని ఉంటుంది. ఆ మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయమంటారు, చెక్కు రాసినట్టు. మూడేళ్ల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే సంస్థ ఊపిరి ఎలా ఉందో తెలిసిపోతుంది. అయితే ఒక లోపం ఉంది: ఇవన్నీ విశ్వవిద్యాలయం మొత్తానివి, మీ విభాగానివి కావు.

ఆ లోటు తీర్చేది రెండో పత్రం, వార్షిక నివేదిక. కేంద్రీయ విశ్వవిద్యాలయం తన వార్షిక నివేదికనూ, కాగ్ ఆడిట్ చేసిన లెక్కలనూ పార్లమెంటు ముందు ఉంచాలి. అందుకే అందులోని రాతలో పత్రికా ప్రకటనకన్నా కొంత ఒళ్లు దగ్గర పెట్టుకోవడం కనిపిస్తుంది. హెచ్‌సీయూలో పన్నెండు శాలలు ఉన్నాయి. మీ అమ్మాయికి సంబంధించిన శాల దగ్గరకు నేరుగా వెళ్లి, అధ్యాపకుల పేర్లు కాగితం మీద రాసుకోండి. గత మూడు నివేదికల్లో ఆ పేర్లు ఎన్ని కొనసాగాయి, ఎందరు విరమించారు, వారి స్థానంలో ఎవరైనా వచ్చారా అని చూడండి. పద్నాలుగు మంది ఉన్న విభాగం మూడేళ్లలో తొమ్మిదికి దిగి, కొత్తవారు లేకపోతే, ఎంత గొప్ప పేరున్నా అక్కడ ఐచ్ఛిక కోర్సులు కాగితం మీదే ఉంటాయి. నాకు తెలిసిన ఒక అబ్బాయి పేరు చూసి ఒక సంస్థలో ఖగోళ భౌతికశాస్త్రం కోసమే చేరాడు. నాలుగో ఏడాది వచ్చేసరికి ఆ పాఠం చెప్పగల ఒకే ఒక్క ఆచార్యులు దీర్ఘకాలిక సెలవు మీద విదేశం వెళ్లారు, అబ్బాయి ఇష్టం లేకుండా ఘనస్థితి భౌతికశాస్త్రంలో ప్రాజెక్టు చేశాడు. వార్షిక నివేదికలో ఆ విషయంలో ఒకే పేరు ఉండడం ముందే గమనించి ఉంటే అతడు ఇంకోచోట చేరేవాడు.

అవగాహన ఒప్పందాల గురించి ఒక్క మాట. విదేశీ విశ్వవిద్యాలయంతో సంతకాలు, ఫొటో, శాలువా, ఇవన్నీ ఉంటాయి. ఆ ఒప్పందం కింద గత రెండేళ్లలో ఎందరు విద్యార్థులు అక్కడికి ఒక సెమిస్టరు చదవడానికి వెళ్లారో అడగండి. సంఖ్య చెప్పగలిగితే ఒప్పందం బతికి ఉంది.

చివరిగా భూమి సంగతి. ఈ విశ్వవిద్యాలయం పుట్టుకే రాష్ట్ర రాజకీయాల్లోంచి వచ్చింది. ముల్కీ వివాదం, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో ఇది ఒక సూత్రం. అందుకోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చి, 1974లో పార్లమెంటు చట్టం చేసింది. సరోజినీ నాయుడు ఇల్లయిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై తర్వాత గచ్చిబౌలికి తరలింది. ఇప్పుడు గొడవ కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల గురించి. ఆ భూమిని 2003లో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కేటాయించడం, 2006లో రద్దు చేయడం, ఆ వ్యాజ్యం 2024లో సుప్రీంకోర్టులో రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలంగా ముగియడం జరిగాయి. 2025 మార్చి చివర్లో యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలుపెట్టగానే విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను ఆపించింది. వివాదం ఆ 400 ఎకరాల యాజమాన్యం గురించీ, అక్కడి అడవి గురించీ గాని, తరగతి గదుల గురించి, హాస్టళ్ల గురించి కాదు. సీటు వదులుకోవడానికి దీన్ని కారణంగా చూపకండి. అయితే అమ్మాయి ఆ ఉద్యమాలను దూరం నుంచి చూస్తుందో, అందులో దిగుతుందో అన్నది మీరూ ఆమే మాట్లాడుకోవలసిన విషయం. ఆ క్యాంపస్‌లో చేరే విద్యార్థికి తొలి నెలలోనే ఎవరో ఒకరు కరపత్రం చేతిలో పెడతారు.